కోడలి జాగా

మా అవ్వ బాప్తిస్మం తీసుకోలేదు. తాత పోయాక కూడా తీయకుండా, చివరిదాకా నుదుటి మీద రూపాయంత బొట్టుతోనే బతికింది. అయినా మా ఇంట్లో యేసు ప్రభువు మాట నిలిచిందంటే అందులో సగం ఆమె చలవే. ఈ సంగతి మా సంఘంలో ఎప్పుడైనా చెప్తే కొందరు నవ్వుతారు, కొందరు నమ్మరు. నేను చూసింది చూసినట్టు చెప్తాను.

మాది నల్లగొండకూ కట్టంగూరుకూ నడుమ రాళ్ళగుట్టల మధ్య ఊరు. ఎర్ర నేల, జొన్న, ఆముదం. ఊరి చివర మా వాడ. బాపు పటేలుగారి మోటబావులకు నీళ్ళు తోడే తోలు తొండాలు కుట్టేవాడు. ఆ పనికి గింజలు ఇస్తే ఇచ్చినట్టు, లేకుంటే లేదు. అమ్మ కలుపుకూ కోతకూ పోయేది. బాపు తల్లి అయిన మా అవ్వ మేకలు కాసేది. ఆమెది పెద్ద గొంతు. గుట్ట మీద మేకను అదిలిస్తే కింద వాడలో పిల్లలు ఉలిక్కిపడేవాళ్ళు. చుట్ట తాగేది. ఎవరితో మాట్లాడినా ఎదురుగా నిలబడి, నడుము మీద చెయ్యి వేసుకుని మాట్లాడేది.

నేను చంకబిడ్డగా ఉన్నప్పుడు అమ్మా బాపూ వాగులో బాప్తిస్మం తీసుకున్నారు. వాడలో సగం ఇళ్ళవాళ్ళు ఆ రోజే తీసుకున్నారు. అవ్వ నన్ను ఎత్తుకుని ఒడ్డున నిలబడిందట. అమ్మ నీళ్ళలోంచి వణుకుతూ బయటికి రాగానే పొడి చీర చుట్టి, తల తుడిచి, ఇంటికి తీసుకొచ్చి వేడి వేడి జొన్నగటక పెట్టిందట. తాను మాత్రం నీళ్ళలోకి దిగలేదు.

దానికి ఆమె కారణం ఆమెకుంది. బాపు చిన్నప్పుడు ఒళ్ళంతా అమ్మవారు పోసి, కళ్ళు కూడా మూసుకుపోతే, అవ్వ పోచమ్మకు మొక్కుకుంది. పిల్లవాడు బతికితే తన ఒంట్లో ఊపిరి ఉన్నన్నాళ్ళు ఏటేటా బోనం ఎత్తుతానన్నది. పిల్లవాడు బతికాడు. పంతులయ్య ఎప్పుడు అడిగినా అవ్వ అదే చెప్పేది.

"నా కొడుకును నిలబెట్టింది. నేను మాటిచ్చిన. ఇప్పుడు ఇంకొక దేవుడొచ్చిండని ఆ మాట ఎట్ల తప్పాలె పంతులయ్యా?"

పంతులయ్య పాలమూరు దిక్కు మనిషి. సన్నగా, కొంచెం ముందుకు వంగి నడిచేవాడు. మా ఊరికి వచ్చి బడి పెట్టి, ఆదివారాలు అదే పాకలో ఆరాధన జరిపేవాడు. మట్టి గోడలు, తాటాకు కప్పు. మేమంతా దాన్ని గుడి అనేవాళ్ళం. ఆయన భార్యను పంతులమ్మ అనేవాళ్ళం. పెద్దగా మాట్లాడేది కాదు. వాళ్ళకు పిల్లలు లేరు. అవ్వ జవాబు విని పంతులయ్య వాదించేవాడు కాదు. తల ఊపి, మేకలు ఎట్లా ఉన్నాయని అడిగి వెళ్ళిపోయేవాడు.

అమ్మకూ అవ్వకూ ఉన్న పొత్తు గురించి చెప్పకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. పెళ్ళయి వచ్చేటప్పటికి అమ్మ ఇంకా చిన్నపిల్ల. తల్లి లేదు. జడ వేసుకోవడం, జొన్నరొట్టె చేత్తో తట్టడం, పాము కనబడితే అరవకుండా పక్కకు జరగడం అన్నీ అవ్వే నేర్పింది. అందుకని వాళ్ళిద్దరిదీ అత్తాకోడళ్ళ పోరు కాదు. దేవుళ్ళు వేరయినా పొయ్యి ఒకటే. ఆదివారం పొద్దున గుడి దగ్గర వేలాడదీసిన బండి చక్రపు ఇనుప పట్టాను పంతులయ్య రాయితో కొట్టేవాడు. ఆ చప్పుడు వినగానే అవ్వే అమ్మను తొందరపెట్టేది.

"లే బిడ్డా, మీ దేవుడు పిలుస్తుండు. మాటిచ్చినంక ఆలస్యం చేయొద్దు."

అమ్మకు చదువు రాదు కాని గొంతు బాగుండేది. పంతులయ్య పాట ఎత్తుకోవడమే ఆలస్యం, అమ్మ అందుకునేది, ఆమె వెనక గుడంతా పాడేది. ఆడవాళ్ళ వైపు మధ్య గుంజకు ఆనుకుని ఆమె జాగా. అక్కడ ఇంకెవరూ కూర్చునేవాళ్ళు కాదు. అక్కడినుంచి పాడితే ముందువాళ్ళకూ వెనకవాళ్ళకూ వినబడేది.

ఇంకొక సంగతి. మా వాడలో డబ్బులు ఎవరి దగ్గరా ఉండేవి కావు కాబట్టి ఆడవాళ్ళు దేవుడికి పిడికెడు గింజలు తీసేవాళ్ళు. పొద్దున విసుర్రాయిలో జొన్నలు పోసే ముందు అమ్మ ఒక పిడికెడు తీసి గూట్లో ఉన్న చిన్న మట్టి గురిగిలో వేసేది. కళ్ళు మూసుకుని ఏదో అనేది. ఆదివారం ఆ గురిగి గుడికి పోయేది. పంతులయ్య ఇంటి పొయ్యి చాలామట్టుకు ఆ పిడికెళ్ళతోనే వెలిగేది. తిండికి కరువున్న రోజుల్లో కూడా అమ్మ పిడికెడు తీసేది. ఆ రోజు పిడికిలి చిన్నదయ్యేది, అంతే.

నా తర్వాత చాలా ఏండ్లకు తమ్ముడు పుట్టాడు. బాపు పని మధ్యలో తోలు వాసన చేతులతోనే వచ్చి వాణ్ణి ఎత్తుకుని, అమ్మ తిడితే మళ్ళీ దించి వెళ్ళేవాడు. అవ్వ వాణ్ణి గుట్ట మీదికి తీసుకుపోయి మేకపిల్లల మధ్య కూర్చోబెట్టేది. వాడు గోడ పట్టుకుని నిలబడడం నేర్చుకుంటున్న వానకాలంలో జ్వరం వచ్చింది. ముందు మామూలు జ్వరమే అనుకున్నాం. పంతులయ్యా పంతులమ్మా వచ్చి మా మట్టి నేల మీద మోకరించారు. సంఘమంతా వచ్చింది. అమ్మ వాణ్ణి ఒడిలోంచి దించకుండా ప్రార్థన చేసింది. నల్లగొండ దవాఖానకు తీసుకుపోదామని బాపు బండి అడిగి తెచ్చాడు. ఎడ్లను కట్టేలోపే వాడు అమ్మ ఒడిలో పోయాడు.

గుట్ట వెనక మా సంఘం వాళ్ళ కోసం కేటాయించిన జాగాలో పూడ్చారు. పంతులయ్య వాక్యం చదివాడు. పాట ఎత్తుకున్నాడు. ఎప్పటిలాగే అందరూ అమ్మ అందుకుంటుందని ఆగారు. అమ్మ నోరు తెరవలేదు. పంతులయ్య ఒక్కడే ఆ పాట చివరిదాకా పాడాడు. ఆయనకు గొంతు ఏమంత బాగుండదు.

ఆ తర్వాత అమ్మ ఏడవలేదు, ఎవరినీ ఏమీ అనలేదు. పనికి పోయింది, వచ్చింది, వండింది. కాని గుడికి పోలేదు. పొద్దున జొన్నలు చాటలోంచి నేరుగా విసుర్రాయిలో పోసింది. గూడు వైపు చూడలేదు. నేను పక్కనే కూర్చుని చూస్తున్నాను. అవ్వ కూడా చూసింది. లేచి, చాటలోంచి పిడికెడు జొన్నలు తీసి గురిగిలో వేసింది. కళ్ళు మూసుకుని ఏమనాలో ఆమెకు తెలియదు కాబట్టి ఏమీ అనలేదు. చేతులు దులుపుకుని మేకల దగ్గరికి పోయింది. మర్నాడు కూడా అట్లాగే చేసింది.

వాడలో బాప్తిస్మం తీసుకోని ఇళ్ళవాళ్ళ నోళ్ళు ఊరుకోలేదు. పోచమ్మను వదిలిపెట్టినందుకే పిల్లవాడు పోయాడన్నారు. ఒకామె ఇంటికే వచ్చి, ఇప్పటికైనా అమ్మ బొట్టు పెట్టుకుని తల్లికి బోనం ఎత్తితే ఇంకొక కడుపు పండుతుందని చెప్పింది. అమ్మ పొయ్యి వైపు తిరిగి కూర్చుంది. అవ్వ చుట్ట తీసి పక్కన పెట్టింది.

"ఇన్నేండ్లు బోనం ఎత్తుతున్నదాన్ని నేను. నాకు తెల్వదా? నా తల్లి పసిపోరలను తినే తల్లి గాదు. నువ్వు ఇంటికి పో."

ఆమె వెళ్ళిపోయింది. మళ్ళీ ఎవరూ ఆ మాటతో మా గడప తొక్కలేదు.

మొదటి ఆదివారం బండి పట్టా మోగింది. అమ్మ కొడవలి తీసుకుని గడ్డికి బయలుదేరింది. అవ్వ ఆపలేదు. అమ్మ మలుపు తిరిగేదాకా చూసి, తలకు నూనె రాసుకుని, పెట్టెలోని ఉతికిన చీర కట్టుకుని, గూట్లోంచి గురిగి తీసింది. నన్ను రమ్మన్నది. బాపు ముందే వెళ్ళి మగవాళ్ళ వైపు కూర్చున్నాడు. మేము లోపలికి అడుగు పెట్టగానే తల్లిని చూసి ఆయన సగం లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు.

అవ్వ నేరుగా పోయి మధ్య గుంజ దగ్గర, అమ్మ జాగాలో కూర్చుంది. పక్కన ఉన్నావిడ మెల్లగా, గుడికి వస్తే బొట్టు తుడుచుకోవాలి అన్నది. అవ్వకు మెల్లగా మాట్లాడడం రాదు.

"బొట్టు నాది. జాగా మా కోడలిది," అన్నది.

అందరికీ వినబడింది. పంతులయ్య తల దించుకుని పుస్తకంలో ఏదో వెతికాడు. నవ్వు ఆపుకున్నాడని నాకు ఇప్పటికీ అనుమానం. ఆరాధన అయిపోయాక గురిగిలోని జొన్నలు గంపలో పోస్తుంటే ఆయన దగ్గరికి వచ్చాడు. బాప్తిస్మం తీసుకునే ఆలోచన ఏమన్నా ఉందా అని మర్యాదగా అడిగాడు.

"లేదయ్యా," అన్నది అవ్వ. "ఆమె రాకుంటె ఆ జాగల ఇంకెవరన్న కూసుంటరు. మల్ల వచ్చినప్పుడు ఆమెకు జాగ ఉండాలె గద. ఆమె వచ్చేదాక నేను చూసుకుంట."

పంతులయ్య మధ్య గుంజ వైపు చూశాడు. తర్వాత, మంచిదవ్వా, చూసుకో అన్నాడు.

అట్లా మొదలైంది. వానలు పోయి చలి వచ్చింది. జర్మనీ లడాయి రోజులు. గాసునూనె దొరకదు కాబట్టి సాయంత్రం ఆరాధన మానేసి అంతా పొద్దున్నే జరిగేది. అవ్వ ఒక్క ఆదివారం తప్పలేదు. మేకలను పక్కింటివాళ్ళకు అప్పజెప్పి వచ్చేది. పాటలు నేర్చుకుంది, మాటలు సగం తప్పులు, గొంతు మాత్రం గుడి కప్పు దాకా. వాక్యం చెప్పేటప్పుడు చెయ్యి గడ్డం కింద పెట్టుకుని వినేది. నచ్చకపోతే తల అడ్డంగా ఊపేది. పంతులయ్య ఆమె తల వైపు చూస్తూ చెప్పడం అలవాటు చేసుకున్నాడు.

ఇంటికి వచ్చాక ఆ రోజు విన్నదంతా అమ్మకు చెప్పేది. అమ్మ అడగదు, అయినా చెప్పేది. అమ్మ రొట్టెలు తడుతుంటే పక్కన చతికిలబడి మొదలుపెట్టేది. పక్షవాతం వచ్చిన మనిషిని ఇంటి కప్పు విప్పి తాళ్ళతో లోపలికి దించారని విన్న రోజు ఆమెకు మనసులో మనసు లేదు. మనిషి నడిచాడు, బాగుంది, మరి ఆ కప్పు మళ్ళీ ఎవరు వేశారు, ఇంటాయన ఊరుకున్నాడా అని ఆమె బాధ. పంతులయ్యను అడిగితే పుస్తకంలో రాయలేదన్నాడట. అది ఆమెకు అస్సలు నచ్చలేదు. అమ్మ రొట్టె తిరగేసింది. పెదవి కదిలిందో లేదో నేను చెప్పలేను.

ఇంకొక ఆదివారం, ప్రభువు నీళ్ళ మీద నడిచిన సంగతి చెప్పింది. శిష్యుడు ఒకడు తానూ నడుస్తానని పడవ దిగాడట. గాలి చూసి భయపడ్డాడట.

"మునిగి సచ్చిండు పాపం," అన్నది అవ్వ.

అమ్మ చెయ్యి పిండి మీద ఆగింది. ఎన్నో నెలలుగా ఆ సంగతులేవీ మాట్లాడని మనిషి, తల ఎత్తకుండానే అన్నది.

"సావలే అత్తా. చెయ్యి పట్టుకున్నడు."

"ఎవరు?"

"ఆయన. మునుగుతుంటె చెయ్యి పట్టి లేపిండు."

"గట్లనా," అన్నది అవ్వ. "నాకు సరిగ ఇనబడలే."

అవ్వ చెవులు గుట్ట అవతల మేకపిల్ల అరిచినా పసిగట్టేవి. ఆ రోజు నిజంగా వినబడలేదో, కావాలనే తప్పు చెప్పిందో నాకు తెలియదు. తర్వాత ఎప్పుడు అడిగినా చుట్ట వెలిగించుకోవడంలో మునిగిపోయేది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక ఆదివారం పంతులయ్య, ఒక విధవరాలి కొడుకు సంగతి చదివాడు. ఒక్కడే కొడుకు. పాడె మీద మోసుకుపోతుంటే ప్రభువు ఎదురొచ్చి, ఏడవొద్దని చెప్పి, ఆ పిల్లవాణ్ణి లేపి తల్లికి అప్పజెప్పాడు. పంతులయ్య ఇంకా పుస్తకం మూయలేదు. అవ్వ లేచి నిలబడింది. నడుము మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యా, నేను అడగొచ్చునో లేదో. ఆ తల్లి కొడుకును లేపిండు, బాగానే ఉన్నది. మరి నా కోడలు కొడుకును ఎందుకు లేపలే? ఆమె గూడ ఒడిల పెట్టుకొని అడిగింది. నువ్వు గూడ అడిగినవు. నేను చూసిన."

బాపు కళ్ళు మూసుకున్నాడు. సంఘ పెద్ద ఒకాయన, కూర్చోమని చెయ్యి ఊపాడు. పంతులయ్య ఆయన్ను ఆపాడు. పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు. తర్వాత చెప్పాడు. పాలమూరు దిక్కు తాము పని చేసిన ఊళ్ళో వాళ్ళకు ఒక ఆడపిల్ల ఉండేదట. బడికి పోయే వయసు. అదీ జ్వరమే. అదీ ఇట్లాగే ఒడిలోనే. ఆ ఊరి మట్టిలోనే పూడ్చి ఇటు వచ్చారట.

"నేను గూడ అదే అడిగిన అవ్వా. ఇప్పటికీ అడుగుతున్న. జవాబు రాలే. జవాబు రాలేదని పోవుడు మాత్రం నాతోని కాలే."

ఆడవాళ్ళ వైపు ముందు వరసలో పంతులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేండ్లుగా ఆమెకు పిల్లలు పుట్టలేదనే మేమంతా అనుకున్నాం. వాడలో ఒకరిద్దరు ఆ మాట ఆమె ముందే అన్నారు కూడా. అవ్వ ఆమె వైపు చూసి, మెల్లగా, నిజంగానే మెల్లగా, కూర్చుంది.

ఆ రోజు ఇంటికి వచ్చి అవ్వ కథ చెప్పలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. తాను అడిగింది, ఆయన అన్నది, పంతులమ్మ ఏడ్చింది. అమ్మ విని, చేతిలోని పని పూర్తి చేసి, బయట అరుగు మీద కూర్చుంది. అన్నం వేళ అయినా లేవలేదు. బాపు పిలవబోతే అవ్వ వద్దని సైగ చేసింది.

రెండు రోజుల తర్వాత అమ్మ పంతులమ్మ ఇంటికి పోయింది. గుడికి కాదు, ఇంటికే. ఆ ఇంటి వాకిట్లో చింతపండు రాశి పోసి ఉంది. పంతులమ్మ గింజలు తీస్తున్నది. అమ్మ ఎదురుగా కూర్చుని తనూ ఒక రాయి అందుకుంది. నేను అమ్మ పక్కన ఉన్నాను. ఇద్దరూ సగం రాశి కొట్టారు. చివరికి అమ్మ, మీ బిడ్డకు ఏమిష్టముండె అని అడిగింది. పంతులమ్మ చెప్పడం మొదలుపెట్టింది. బెల్లం దొంగతనం చేసి తినేదట, చెరువు గట్టు మీద కప్పల వెంట పరుగెత్తేదట, తండ్రి నడకను వెక్కిరించి చూపేదట. ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత ఇద్దరూ ఏడ్చారు. తమ్ముడు పోయాక అమ్మ ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

ఆ తర్వాత అమ్మ తరచుగా అక్కడికి పోయేది. గుడికి రమ్మని పంతులమ్మ ఎప్పుడూ అడగలేదు. ఇంట్లో అవ్వ కూడా అడగలేదు. ఒక పొద్దున విసుర్రాయి దగ్గర అవ్వ పిడికెడు తీయబోతుంటే, అమ్మ చెయ్యి అడ్డం పెట్టి, నేను తీస్త అత్తా అన్నది. అవ్వ చాట వదిలేసింది. ఆ ఆదివారం పట్టా మోగినప్పుడు అమ్మ తల దువ్వుకుంటున్నది.

ముగ్గురం కలిసే వెళ్ళాం. గడప దగ్గర అవ్వ ఆగిపోయింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి రమ్మన్నది.

"నా పని అయిపాయె," అన్నది అవ్వ. "పో, కూసో."

అమ్మ గుంజ దగ్గర కూర్చుంది. ఆ రోజు పాడలేదు. ఆ నెలంతా పాడలేదు. పంతులయ్య పాట ఎత్తుకుని, ఆమె వైపు చూడకుండా తానే సాగదీసేవాడు. పంట కోతల ముందు ఎప్పుడో, పాట రెండో చరణంలో ఉండగా, అమ్మ గొంతు మెల్లగా కలిసింది. బొంగురుగా వచ్చింది. అయినా వెనక ఉన్నవాళ్ళంతా ఒక్కసారి గట్టిగా పాడారు.

అవ్వ కొన్ని వారాలు గుడి వైపు రాలేదు. మేకలతో గుట్ట మీదే ఉండేది. తర్వాత ఉండబట్టలేక మేకలను గుడి వెనక కానుగచెట్ల దగ్గరికి తోలుకొచ్చి, అక్కడ రాతి మీద కూర్చుని చుట్ట తాగుతూ వినేది. పాట వచ్చినప్పుడు బయటి నుంచే పాడేది. ఆమె పాడే మాటలు ఆమెవే. లోపల మేము సరిదిద్దుకోలేక ఆమెతోపాటు తప్పే పాడేవాళ్ళం.

ఆ తరువాతి వానకాలంలో అవ్వ కాలికి నారికురుపు లేచింది. మెట్లబావి నీళ్ళు తాగే మా ఊళ్ళలో అది చాలామందికి వచ్చేది. మడమ పైన పుండు తెరుచుకుని తెల్లటి దారంలాంటి పురుగు కొంచెం కొంచెం బయటికి వస్తుంది. తెగితే కాలంతా వాస్తుంది. అవ్వ మంచంలోంచి దిగలేకపోయింది. నొప్పి కంటే ఆమెకు బోనాలు దగ్గరపడుతున్నాయనే బాధ ఎక్కువ. ఎన్నడూ తప్పని మొక్కు తప్పుతుందని. జ్వరంలో కూడా అదే మాట. అమ్మ ఆకు కట్టు మారుస్తూ అంతా వింటున్నది.

"అత్తా, నేను ఎత్తలేను," అన్నది ఒకనాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీకోసం ఏమన్న చేస్త. గది మాత్రం చేయలేను. నేను ఆయనకు మాటిచ్చిన."

అవ్వకు కోపం వచ్చింది.

"నువ్వెత్తుతనంటె నేను ఎత్తనిస్తనా? నీ మాట నిలబడాలెననే గద ఇన్ని దినాలు గుంజ కింద కూసున్న. పిచ్చిదానా."

మర్నాడు పొద్దున్నే అమ్మ పానగల్‌కు నడిచిపోయింది. అక్కడ మా మేనత్త, అంటే అవ్వ కూతురు, ఉంటుంది. ఆమె బాప్తిస్మం తీసుకోలేదు. తల్లి మొక్కును ఆ ఏడు కూతురు తీర్చాలని అమ్మ అడిగింది. మేనత్త వచ్చింది. బోనం కుండ అవ్వ మంచం ముందే అలంకరించింది. అవ్వ దాని మీద చెయ్యి పెట్టి మొక్కి, కూతురి తల మీదికి ఎత్తించింది. అమ్మ ఆ పొద్దంతా వాకిట్లో కట్టెలు కొడుతూ ఉండిపోయింది. మేనత్త తిరిగివచ్చాక ఆమెకు కాళ్ళకు నీళ్ళిచ్చి, అన్నం పెట్టింది.

ఈ సంగతి సంఘ పెద్దకు తెలిసింది. అప్పుడు గుడిలో అవ్వను కూర్చోమన్న ఆయనే. విశ్వాసి అయి ఉండి బోనం ఎత్తించిందని పంతులయ్యకు చెప్పాడు. ప్రభువు బల్ల దగ్గర పంచే రొట్టె అమ్మకు ఇవ్వకూడదన్నాడు. పంతులయ్య అమ్మను పిలిపించి అడిగాడు. అమ్మ భయపడుతూనే వెళ్ళింది, కాని దాచలేదు.

"నేను ఎత్తలే అయ్యా. ఎన్నటికీ ఎత్త. ఆడబిడ్డను పిలిచిన, అంతే. నేను నోరు మూసుకొని కూసున్న దినాలల్ల నా మాటను ఆమె కాపాడింది. ఆమె మంచంల పడి ఏడుస్తుంటె నేను ఎట్ల చూసుకుంట కూసోవాలె?"

పంతులయ్య ఆమెను ఇంటికి పొమ్మన్నాడు. ఆ వారమంతా ఆలోచించాడని తర్వాత పంతులమ్మ చెప్పింది. ఆదివారం ప్రభువు బల్ల జరిగింది. ఆయన రొట్టె పట్టుకుని వరస వెంట వచ్చాడు. అమ్మ చెయ్యి చాపలేదు, తల వంచుకుని కూర్చుంది. ఆయన ఆగి, రొట్టె ముక్కను ఆమె అరచేతిలో పెట్టి ముందుకు నడిచాడు. సంఘ పెద్ద ఆ తర్వాత కొన్నాళ్ళు ముభావంగా ఉన్నాడు. అవ్వ కాలు తగ్గాక ఆయన ఇంటికి ఒక ముంత మేకపాలు పంపించింది. ఎందుకు పంపిందో ఎవరికీ చెప్పలేదు. ఆయన పాలు తాగి, ముంత కడిగి పంపాడు.

నైజాం పాలన పోయే ముందు ఏడాది మా దిక్కు ఊళ్ళలో రజాకార్ల భయం బాగా ఉండేది. మగవాళ్ళు ఇళ్ళల్లో పడుకునేవాళ్ళు కారు. నలుగురు ఒకచోట కూడితే అనుమానం. పట్టా కొట్టడం ఆపేశారు. కొన్ని కుటుంబాలు నల్లగొండకు పోయాయి. పంతులయ్యనూ రమ్మన్నారు కాని ఆయనా పంతులమ్మా కదలలేదు. ఆదివారాలు మా ఇంట్లోనే ఆరేడుగురం కూర్చుని, గొంతు పెంచకుండా పాడుకునేవాళ్ళం. బయట అరుగు మీద అవ్వ చుట్ట తాగుతూ ఉండేది. ఎవరైనా కొత్తవాళ్ళు వాడలోకి వస్తే మేకను గట్టిగా తిట్టేది. వెంటనే మేము ఆపేసేవాళ్ళం. ఆ ఏడు మా మేకలు అవి చేయని పాపాలకు చాలా తిట్లు తిన్నాయి.

ఆ చలికాలమే అవ్వ పోయింది. జబ్బేమీ లేదు. మధ్యాహ్నం గటక తాగి, కొంచెంసేపు ఒరుగుతానని ఎండలో పడుకుంది. అమ్మ లేపబోతే లేవలేదు. బాపు చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. తాత పక్కనే పెట్టమని ఆమె ఎప్పుడో చెప్పి ఉంచింది. అట్లాగే చేశారు. వాడ ఆచారం ప్రకారం ముందు డప్పులు నడిచాయి, రెండే డప్పులు, భయానికి మెల్లగా కొట్టారు. మేనత్త పసుపు కుంకుమలు చల్లింది. అందరి వెనక పంతులయ్యా పంతులమ్మా నడిచారు. ఎవరో ఆయన్ను, అయ్యా డప్పుల చావుకు మీరొచ్చిండ్రా అని అడిగారు. ఆయన పైకండువా సర్దుకుని నడిచాడు. గుంట పూడ్చాక అమ్మ ఆ మట్టిని చేతులతో చదును చేసి, చాలాసేపు అక్కడే కూర్చుంది.

ఊళ్ళు కొంచెం సద్దుమణిగాక నన్ను నల్లగొండ మిషను బడి బోర్డింగులో చేర్చడానికి అమ్మ తీసుకుపోయింది. నడిచే పోయాం. అమ్మ తలమీద నా బట్టల మూట. నేను అప్పటికి పెద్దదాన్నయ్యాను కాబట్టి దారిలో, ఎన్నాళ్ళనుంచో అడగాలనుకున్నది అడిగాను. తమ్ముడి సంగతి దేవుడు ఎప్పుడన్నా చెప్పిండా అని.

అమ్మ మూట ఒక చేత్తో పట్టుకుని కొంతదూరం నడిచింది.

"చెప్పలే బిడ్డా," అన్నది. "గని నన్ను ఒక్కదాన్ని చేసి ఇడువలే."

తర్వాత, బోర్డింగులో తల ఎట్లా దువ్వుకోవాలో, ఎవరితోనైనా పోట్లాట వస్తే ముందు ఎవరు మాట కలపాలో చెప్పుకుంటూ వచ్చింది. ఎండ ఎక్కక ముందే ఊరు కనబడింది. ఒక బావి దగ్గర ఆగి ముఖాలు కడుక్కున్నాం. అమ్మ కొంగుతో నా ముఖం తుడిచి, తను తెచ్చిన రొట్టె సగం విరిచి నాకిచ్చింది.